ఎవరని చెప్పమంటారు?

"బ్లౌజు అయిపోయిందండీ. రేపు ఒంటిగంటలోపు వచ్చి తీసుకెళ్ళమని మీ కోడలికి చెప్పండి."

"మళ్ళీనా? పోయిన నెలేగా కుట్టించుకుంది!" అంది అవతల అత్తగారు.

"చంకల దగ్గర బిగుతుగా ఉందన్నారు. వదులు చేశాం."

"సరేలే, చెప్తాను."

ఫోను పెట్టేసి నోటుపుస్తకంలో టిక్కు పెట్టుకుంది. నిజానికి ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పెద్దాసుపత్రి వెనక గదిలో, హెచ్ఐవీ మాత్రలిచ్చే చోట ఆమె ఉద్యోగం. తేదీ దాటినా రానివాళ్ళను ఫోను చేసి రప్పించాలి. మందు ఆగితే అణిగిన జబ్బు మళ్ళీ తలెత్తుతుంది. మాట తూలితే కాపురాలు కూలతాయి. ఆ కోడలికి జబ్బు వచ్చింది మొగుడి నుంచే, అయినా అత్తకు తెలిస్తే గెంటేది కోడలినే. అందుకే మొదటి రోజే ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకుంటుంది, ఇంట్లోవాళ్ళు ఫోనెత్తితే ఎవరని చెప్పమంటారు అని.

లారీ డ్రైవరుకు టైర్ల కొట్టు. పుట్టుకతోనే జబ్బు వెంట తెచ్చుకున్న కాలేజీ పిల్లకు కొరియర్ ఆఫీసు. కంగారులో నోటికొచ్చింది చెప్పేవాళ్ళూ ఉంటారు. సెంటు పొలం లేని గుమాస్తా ఒకడు ఎరువుల కొట్టు అన్నాడు. "మీ ఆవిడ నిలదీస్తే ఏం చెప్తావయ్యా?" అని కసిరి మార్పించింది. తెలిసినవాళ్ళ కంట పడకూడదని పక్క ఊళ్ళవాళ్ళు ఇక్కడికొస్తారు. ఈ ఊరివాళ్ళు పక్క ఊళ్ళకు పోతారు.

తర్వాతి నంబరు రిటైరైన హెడ్మాస్టరుది.

"లైబ్రరీ నుంచండీ. పుస్తకం తేదీ దాటింది."

"నేనేనమ్మా," గొంతు తగ్గించాడాయన. "ఇంటినిండా చుట్టాలు. ఎలా రాను?"

"వాకింగని చెప్పి రండి మాస్టారూ."

"మిట్టమధ్యాహ్నం వాకింగేంటమ్మా!"

"పొద్దున్నే రండి. ఏడింటికే వచ్చి తలుపు తీస్తాను."

పక్క బల్ల దగ్గర మాత్రలు లెక్కపెడుతున్న నర్సు నవ్వింది. "ఎంత గడుసుదానివే! ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఒక్కసారైనా అనుమానం రాదా?"

"మొగుడికి టైర్ల కొట్టువాళ్ళు ఫోను చేస్తే ఎందుకొస్తుందక్కా?"

"పాపం కదే."

ఆమె నోటుపుస్తకంలో పేజీ తిప్పింది. చేరిన కొత్తలో ఒక్కో ఫోను పెట్టేశాక ఏడుపొచ్చేది. ఆరేళ్ళు గడిచాయి. ఇప్పుడు జాలీ లేదు, బాధా లేదు. పేరు, నంబరు, టిక్కు, అంతే. ఆ మొద్దుబారిన మనసు తనకే అప్పుడప్పుడు భయం కలిగిస్తుంది. ఆ భయం కూడా ఎంతోసేపు ఉండదు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి భర్త స్నానానికి వెళ్ళాడు. మంచం మీద అతని ఫోను మోగుతోంది. చెప్పులు విడిచి వెళ్ళి ఎత్తింది.

"సార్ ఉన్నారామ్మా?" ఎవరో అమ్మాయి.

"స్నానం చేస్తున్నారు. ఏంటో చెప్పండి."

"బండి సర్వీసింగుకి తేవాల్సిన తేదీ దాటిపోయిందండీ. రేపు మర్చిపోకుండా తెమ్మని చెప్పండి."

"అలాగేనండీ."

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. "ఎవరు?" అని అడిగాడతను.

"సర్వీసింగు వాళ్ళు. రేపు తెమ్మంటున్నారు."

"ఆఁ, సరే. రేపు వెళ్తాలే."

ఆమె వంటింట్లోకి వెళ్ళి రెండు కంచాలు తుడిచి పెట్టింది. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసింది.

వాళ్ళకు బండి లేదు.