అభ్యంతరాలు: లేవు

“కాగితాలు వద్దు, మైకు చాలు,” అన్నాడు కమిషనర్.

మున్సిపల్ సమావేశ మందిరంలో గోడ నిండా ప్రాంతీయ అభివృద్ధి ప్రణాళిక పటం వేలాడుతోంది. చుట్టుపక్కల మూడు ఊళ్లను కలుపుతూ ఒక ఎర్రగీత. ఆ గీత పట్నం చివరి వీధి మీదుగా, సరిగ్గా ముప్పై ఆరు ఇళ్ల నడినెత్తి మీదుగా పోతోంది.

పోయినసారి పాత మార్కెట్ దగ్గర ఇంటింటికీ నోటీసులు పంచారు. వారం తిరక్కుండా నాలుగు వందల అభ్యంతరాలు వచ్చాయి. కోర్టు స్టే ఇచ్చింది. పటం రెండేళ్లపాటు చుట్ట చుట్టుకుని బీరువా మీద పడుకుంది.

“ప్రజలకు తెలియజేయాలని చట్టంలో ఉంది. కాగితం మీదే తెలియజేయాలని లేదు. చదువు రానివాళ్లకీ చేరాలి కదా! ముప్పై రోజులు, రోజుకు మూడుసార్లు మైకులో చెబుదాం.”

ఒక పెద్దావిడ, పాత సభ్యురాలు, చెయ్యెత్తింది. “దాంతోపాటు కాగితం కూడా ఇస్తే పోయేదేముందండీ?”

“చెట్లు పోతాయమ్మా,” అన్నాడు కమిషనర్. అందరూ నవ్వారు. తీర్మానం నెగ్గింది.

పని కంచుగొంతుకు అప్పగించారు. నీళ్లు రావన్నా, కరెంటు పోతుందన్నా పన్నెండేళ్లుగా ఊరంతా వినేది అతని గొంతే. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇంకా రోజుకూలీయే.

“ఏమయ్యా, ఆ వీధిలో మొదటిల్లు మీ అక్కదటగా?” అన్నాడు కమిషనర్.

“అవును సార్. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే.”

“మైకులో చెప్పాల్సింది ఖంగుమని చెప్పు. ఒక్క అక్షరం మింగకు. మైకు దించాక మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉండాలి. ఒక్క అభ్యంతరమూ రాకుండా గడువు దాటితే పర్మినెంట్ ఆర్డరు నీ చేతిలో పెడతాను. వచ్చిందా, ఆ మైకు కూడా ఉండదు.”

“నా పని నేను చేస్తాను సార్.”

మర్నాడు పొద్దున ఆటో చివరి వీధిలోకి తిరిగింది.

“వీధివాసులకు విజ్ఞప్తి! కొత్త రోడ్డు కోసం మీ ఇళ్లు తీసుకోబోతున్నారు. ఒప్పుకోనివారు ముప్పై రోజుల్లోగా మున్సిపల్ ఆఫీసులో రాసివ్వాలి. ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే!”

వెనక సీట్లోంచి గుమాస్తా ఫోనులో వీడియో తీశాడు. రేపు రుజువుండాలి. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు ఆటో వంకే చూశారు. తలలూపారు.

రెండోరోజు ఆటో మలుపు తిరిగిందో లేదో, మొదటింటి కిటికీలు ధడాలున మూసుకున్నాయి. తర్వాత రెండో ఇంటివి. అలా వీధి కొసదాకా.

ఆటో డ్రైవర్ పొరుగూరివాడు, చేరి వారమే అయింది. జడుసుకున్నాడు. “ఏంటన్నా, ముఖం మీదే వేసేస్తున్నారు! రేపు రాళ్లు కూడా పడతాయేమో.”

“పడవులే. నువ్వు పోనీ.”

“సొంతక్క ఇల్లు కూల్చేస్తారని నువ్వే మొత్తుకుంటుంటే ఆవిడ నీ ముఖం చూస్తుందా ఇంక?”

చూసింది. ప్రకటన అయ్యాక రోజూ చెంబుడు నీళ్లిచ్చేది. తాగుతుంటే అతని చొక్కా కాలరు సరిచేసేది. దూరంగా ఆటోలో కూర్చున్న డ్రైవర్‌కు అది చూస్తే ఒళ్లు మండేది. “మా అక్కయితే ఆ చెంబుతోనే నా నెత్తి పగలగొట్టును,” అనేవాడు.

పదిహేనో రోజుకు అభ్యంతరాల రిజిస్టరు తెల్లగానే ఉంది. ఇరవై ఏడో రోజుకూ అంతే.

“కోపమొచ్చినవాళ్లంతా అర్జీలు రాస్తారా ఏంటి!” అన్నాడు గుమాస్తా.

ముప్పయ్యో రోజు సాయంత్రం కమిషనర్ ‘అభ్యంతరాలు: లేవు’ అని రాసి కింద సంతకం గీశాడు. ఆర్డరు చేతికొచ్చింది. కంచుగొంతు దాన్ని మూడుసార్లు చదువుకున్నాడు, పైకే.

మూడు రోజులు తిరక్కుండా యంత్రాలు దిగాయి. మొదటింటి ప్రహరీ పడింది. నేల అదిరేసరికి అక్క అంట్లు తోముతున్న చేతులతోనే బయటికి పరుగెత్తుకొచ్చింది. గోడను చూసింది. యంత్రం పక్కన కొత్త బ్యాడ్జీ పెట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ని చూసింది. అతని ఎదుటికొచ్చి తడిచేతులు రెండూ ఆడిస్తూ నిలబడింది. అతను తల దించుకున్నాడు.

“ముప్పై రోజులు గొంతు చించుకున్నామండీ, మీరే చూడండి,” అంటూ కమిషనర్ నగరం నుంచి వచ్చిన విలేకరికి వీడియో చూపించాడు.

విలేకరి రెండుసార్లు చూశాడు. మాటలు స్పష్టంగా ఉన్నాయి. జనం తలలూపుతున్నారు. అదే రాసుకుని వెళ్లిపోయాడు.

పుట్టుచెవుడున్నవాళ్ల కోసమే కట్టిన ఆ ముప్పై ఆరు ఇళ్లవాళ్లతో సైగల్లో మాట్లాడగలిగిన బయటివాడు ఊరు మొత్తానికి కంచుగొంతు ఒక్కడే కాగా, ‘ఏం చెబుతున్నావురా అందరికీ?’ అని మొదటిరోజే అక్క వేళ్లతో అడిగినప్పుడు, ‘రేపటినుంచి దోమలపొగ వదులుతారట’ అని అతను వేళ్లతోనే జవాబిచ్చాడు.