తప్పయింది సార్

"విజిల్ వినపడలేదా నీకు?"

కోచ్ వంశీధర్ స్పోర్ట్స్ రూమ్ తలుపు పూర్తిగా వేయకుండానే అడిగాడు. ప్రసన్న ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. చెమటకి జెర్సీ ఇంకా ఒంటికి అంటుకునే ఉంది. బయట గెలిచిన జట్టు వాళ్లు డోలు వాయిస్తున్నారు.

"వినపడ్డది సార్."

"విని కూడా ఆగలేదా?"



సెమీఫైనల్ ఇంకో పదకొండు సెకన్లలో అయిపోతుందనగా, స్కోరు సమానంగా ఉండగా రిఫరీ విజిల్ వేశాడు. అందరూ ఆగిపోయారు. అందరికన్నా ముందు పరిగెడుతున్న ప్రసన్న ఒక్కతే ఆగకుండా వెళ్లి బంతిని దర్జాగా బుట్టలో వేసింది. అదే ఆటలో అంతకుముందు ఒకసారి ఇలాగే చేస్తే హెచ్చరించి వదిలేశారు. ఈసారి టెక్నికల్ ఫౌల్ ఇచ్చారు. అవతలి జట్టు ఫ్రీ త్రో వేసుకుని ఒక్క పాయింటుతో గెలిచింది. ఒంటిచేత్తో ముప్పై ఒక్క పాయింట్లు కొట్టిన పిల్లే జట్టును ముంచింది. యూనివర్సిటీ సెలెక్టర్ రెండో వరసలో కూర్చుని అంతా చూశాడు.

వంశీధర్ స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం తెచ్చుకుని గుజరాత్ వచ్చిన తెలుగువాడు. సాయంత్రాలు ఈ సూరత్ కాలేజీ అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పుతాడు. తెలుగు నేత కార్మికులుండే డిండోలి పేట నుంచి బస్సులో వచ్చే ఒక మరమగ్గాల కార్మికుడి కూతురిని ఏడాదిన్నరలో పేపర్లకెక్కించానని ఆయనకు గర్వం. అందులో అబద్ధమేమీ లేదు.

"కెప్టెన్ ఇందుజ ఏమంటోందో తెలుసా? పేపర్లో ఫోటో పడ్డాక వెనక నుంచి ఎవరు పిలిచినా నువ్వు పలకడం లేదట. నేను నమ్మలేదు. అందరూ బంతిని చూస్తారు, ప్రసన్న మనుషుల మొహాలు చూస్తుంది, అందుకే దానికి ఆట ముందే తెలిసిపోతుంది అని నిన్ను వెనకేసుకొచ్చాను. ఇవాళ నా పరువు తీశావు."

"గట్ల కాదు సార్."

"మరెట్లా? ఒంట్లో ఏమైనా బాగోలేదా? సాయిప్రియలాగా నువ్వూ ఏదైనా దాచి ఆడుతున్నావా?"

మోకాలి నొప్పి సంగతి బయటపడ్డ రోజే సాయిప్రియను జట్టులోంచి తీసేశారు. ఆ పిల్ల ఏడుస్తూ బ్యాగు సర్దుకోవడం ప్రసన్నకు బాగా గుర్తుంది.

"ఏం లేదు సార్. మంచిగనే ఉన్న."

"అయితే పొగరే అన్నమాట."

బల్ల మీద యూనివర్సిటీ జట్టుకు పంపే పేర్ల లిస్టు ఉంది. ప్రసన్న పేరు మూడోది. ఆరింటికి సెలెక్టర్ వచ్చి దాన్ని తీసుకుపోతాడు. అందులో ఉంటే ఆలిండియా పోటీలు, అక్కడ రాణిస్తే సార్‌లాగే రైల్వే ఉద్యోగం. లేకపోతే నాయినతో పాటు సాంచెల షెడ్డుకు, పదేళ్ల వయసు నుంచి ఆ మగ్గాల పక్కన కూర్చుని చేస్తున్న కండెలు చుట్టే పనికే. మూడో దారి ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

వంశీధర్ పెన్ను తీసి ఆ పేరు మీద పెట్టాడు. కొట్టేయడానికి చెయ్యి రాలేదు. చేతులారా తయారుచేసుకున్న పిల్ల. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆమెకు కనపడకూడదని లేచి కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

"చూడమ్మా," గొంతు తగ్గించి, చేతులు తిప్పుతూ అన్నాడు. "సెలెక్టర్‌తో మాట్లాడాను. నీ ఆట ఆయనకు నచ్చింది. నీ పొగరంటేనే భయపడుతున్నాడు. 'తప్పయింది సార్' అను, చాలు. ఆయనకు నేను మాటిచ్చి నీ పేరు ఉంచుతాను."

వెనక చప్పుడు లేదు. బయట డోలు మోగుతూనే ఉంది.

"ఒక్క మాటమ్మా. నా కోసం కాకపోతే మీ నాన్న కోసం అను."

చాలాసేపు ఎదురుచూశాడు. ఒక ఆడపిల్లకి ఇంత మొండితనమా అనిపించింది. చివరికి ఇటు తిరిగాడు. ప్రసన్న తల కూడా దించలేదు. రెప్ప వేయకుండా ఆయన మొహంలోకే చూస్తోంది. గెలిచినన్నాళ్లూ ఆ చూపును ఏకాగ్రత అన్నారు. ఓడిన పూట అదే చూపు పొగరైంది. ఆయన ఎప్పుడు తిరుగుతాడా అని కాచుకున్నట్టు ఆమె అడిగింది.

"సార్, లిస్టుల నా పేరు ఉంటది గద?"

వంశీధర్‌కు ఒళ్లు మండిపోయింది. గబగబా బల్ల దగ్గరికి వచ్చి, కాగితం చిరిగేలా మూడో పేరు కొట్టేశాడు.

"ఎందుకు సార్?" ప్రసన్న బల్ల అంచు పట్టుకుంది. "జర చెప్పుండ్రి సార్, ఎందుకు?"

అడగడానికి కూడా సిగ్గులేదనుకున్నాడు ఆయన. తలుపు వైపు చెయ్యి చూపించాడు.

కాలేజీ గేటు దగ్గర తండ్రి కనకయ్య నిలబడి ఉన్నాడు. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. జుట్టులో దారపు నూగు ఇంకా అలాగే ఉంది. ఇద్దరి మధ్యా డోలు, బస్సుల హారన్లు. అయినా ఆయన గొంతెత్తలేదు. పొద్దస్తమానం సాంచెల మోతలో పనిచేసేవాళ్లు మాట్లాడుకునే తీరున, చప్పుడు చేయకుండా పెదవులు మాత్రం కదిపాడు.

"ఏమన్నడు బిడ్డా?"

ప్రసన్న కూడా అలాగే, పెదవులతోనే జవాబిచ్చింది.

"కిటికీ దిక్కు మొకం పెట్టి, చేతులు తిప్పుకుంట శానసేపు ఏందో చెప్పిండు నాయినా. పెదవులు కనవడలే."