నర్సప్ప మీసం

"ఎవరు పోయిండ్రు నర్సప్పా?"

గని గేటు దగ్గర హాజరు కోసం నిలబడ్డవాళ్ళందరూ గొల్లున నవ్వారు. అడిగింది సూపర్‌వైజర్ భీమప్ప. నర్సప్ప మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నర్సప్పది అల్లాటప్పా మీసం కాదు. చెంపల మీదుగా చెవుల దాకా మెలి తిరిగి ఉండేది. బొంరాస్‌పేట నుంచి దౌల్తాబాద్ దాకా ఎవరినడిగినా 'మీసాల నర్సప్ప' ఇల్లు చూపించేవారు. గొర్రెలు కాసిన తాత దగ్గర నుంచి వాళ్ళింట్లో మగాళ్ళకు దక్కిన ఆస్తి అదొక్కటే. దాన్ని ఇవాళ నున్నగా గీకించుకుని వచ్చాడు.

"ఎవరు పోలే సారూ. అందరు మంచిగనే ఉన్నరు."

"మరి గీ నున్న మూతేందిరా?"

"అవసరం పడ్డది. మల్ల మొలుస్తది తియ్యుండ్రి."

"మీసం మొలుస్తది. పోయిన ఇజ్జత్ మొలుస్తదా?"

హాజరు రాసే కాశిఫ్ తలెత్తాడు. "మీ శంకరమ్మ ఏమన్నది?"

"ఏమంటది? మాట్లాడ్తలేదు."

"మాట్లాడనీకె మొగుడు కనవడాలె గద!" అన్నాడు భీమప్ప. మళ్ళీ నవ్వులు. అటుగా వెళ్తున్న సేఫ్టీ ఆఫీసర్ సానియా ఆగి, నర్సప్ప మొహం చూసి వెళ్ళిపోయింది.

"సూసినవా? మేడం గూడ సూడలేకపోయింది."

భీమప్పకు సానియా అన్నా చిన్నచూపే. తాండూరు పిల్ల, నిన్నమొన్న చదువు అయిపోయిన పిల్ల, తనకు చెప్పేదేమిటి? శనివారం శనివారం ఆమె చెప్పే క్లాసులో ముందు వరుసలో కూర్చుని మరీ గురక పెట్టేవాడు. యాసిడ్ ఒలికితే గాలికి ఎదురు నడవాలనీ, ఎవరూ ఒంటరిగా లోపలికి దూకకూడదనీ ఆమె గొంతు చించుకునేది. మిగతావాళ్ళలో ఒకరిద్దరు తప్ప అందరూ సంతకం పెట్టి, సమోసా తిని, మూతి తుడుచుకుని లేచిపోయేవారు. వీళ్ళవి ఇనుప ఊపిరితిత్తులాయె, వినాల్సిన ఖర్మేమిటి?

పదకొండు గంటలకు ల్యాబులో యాసిడ్ డ్రమ్ము పగిలింది.

సున్నపురాయిని పరీక్షించే గది అది. తలుపు కింద నుంచి తెల్లటి పొగ వచ్చింది. సైరన్ మోగింది. క్లాసులో నిద్రపోయిన వీరులంతా ఎటు పరుగెత్తాలో తెలియక ఒకరినొకరు గుద్దుకున్నారు. సానియా అరిచి, తరిమి, అందరినీ గాలికి ఎదురుగా ఉన్న రాళ్ళ గుట్ట మీదికి ఎక్కించింది. నర్సప్ప ఒక్కడే గేటు వైపు పరుగు తీశాడు. ఆ పరుగు భీమప్ప కళ్ళారా చూశాడు.

గుట్ట మీద కాశిఫ్ పేర్లు పిలిచాడు. ఇద్దరు తక్కువ. ఒకడు నర్సప్ప. రెండోవాడు ల్యాబులో పనిచేసే ఈశ్వర్, భీమప్ప సొంత తమ్ముడు.

భీమప్ప తువ్వాల తడిపి మూతికి కట్టుకుని కిందికి దూకబోయాడు. సానియా అడ్డం నిలబడింది.

"గా పొగ తువ్వాలతోని ఆగదు. మీరు గూడ పడ్తరు. అప్పుడు ఇద్దర్ని మొయ్యాలె."

"లోపల నా తమ్ముడు మేడం!"

"అందుకే చెప్తున్న. ఇక్కడ్నుంచి కదలకుండ్రి." అంటూనే ఆమె గేటు పక్కనున్న సేఫ్టీ సామాను గది వైపు పరుగెత్తింది.

భీమప్ప కూలబడ్డాడు. భయమంతా కోపమై నర్సప్ప మీదికి మళ్ళింది. "అందరికంటె ముందుగాల ఉరికింది గాడే. మీసంతోని సిగ్గు గూడ గొరిగించుకున్నడు. కాశిఫ్, గాని పేరు కొట్టెయ్. రేపటి సంది గేటు లోపల అడుగువెడ్తే కాళ్ళిరుగుతయ్!"

కాశిఫ్ ఎర్ర గీత గీశాడు. ఒక్కడూ వద్దనలేదు.

కాసేపటికి ల్యాబు ముందు ఇద్దరు కనిపించారు. తల నుంచి పాదం దాకా పసుపు సూట్లు, మొహాలకు అద్దాల మాస్కులు, వీపున గాలి సిలిండర్లు. పొట్టి మనిషి సానియా అని నడకను బట్టి తెలిసింది. పొడుగు మనిషి ఎవరో తెలియలేదు.

"పక్క ఫ్యాక్టరీ నుంచి పిలిపించినట్టున్నరు," అన్నారెవరో.

ఇద్దరూ పొగలోకి వెళ్ళారు. పొడుగు మనిషి ఈశ్వర్‌ని భుజాన వేసుకుని బయటికి వచ్చి, నీళ్ళ షవర్ కింద కూర్చోబెట్టాడు. ఈశ్వర్ దగ్గాడు, కళ్ళు తెరిచాడు, "అన్నా" అన్నాడు. గుట్టంతా చప్పట్లు. భీమప్ప భోరుమన్నాడు.

"మొగోడంటే గాయన! గాయన కాళ్ళు మొక్కుత!"

దగ్గరికి రావొద్దని సానియా చెయ్యి ఊపింది. సూట్లకు యాసిడ్ అంటింది, కడగాలి. ఈశ్వర్‌ని అంబులెన్సు ఎక్కించారు. ముందుగా కడుక్కున్న సానియా మాస్కు తీసి గుట్ట దగ్గరికి వచ్చింది. పొడుగు మనిషి ఇంకా షవర్ కిందే, అటు తిరిగి ఉన్నాడు.

భీమప్ప చేతులు జోడించాడు. "గా దేవుడు ఎవరు మేడం? మా నర్సప్పసొంటి పిరికోళ్ళకు జర సూపియ్యాలె."

సానియా కాశిఫ్ చేతిలోని కాగితం మీద ఎర్ర గీత చూసింది.

"మీసం ఉంటే గా మాస్కు మొఖానికి అతకదన్నా."