రెండు చివరలు

"న్యూట్రాన్ ఇక్కడ పడిందనుకో," అంటూ అతను కాగితంమీద మెలికల గీతకు ఒకచోట చుక్క పెట్టాడు. "విపరీతమైన చలిలో ఉంచిన సన్నటి తీగ ఇది. పడినచోట రెండు సిగ్నల్స్ పుడతాయి. చెరో చివరకీ ఒకే వేగంతో పరిగెడతాయి."

"ముందు చేరిన వైపే దగ్గరన్నమాట!" అంది ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. "ఆ తేడా చూసి ఎక్కడ పడిందో చెప్పెయ్యొచ్చు. భలే ఉంది సార్!"

పక్క బల్ల దగ్గర పంపు మీటరు చూస్తున్న ఆమెకు ఒళ్ళు మండింది. ఎనిమిదేళ్ళ కిందట ఇదే చుక్క పెట్టి తనకీ చెప్పాడు. తనూ ఇలాగే కళ్ళింతలు చేసుకుని "భలే" అంది.

సాయంత్రం ఆరున్నరకి అతను ఇంటికొచ్చి, ఎప్పటి కుర్చీలో కూలబడ్డాడు.

"ఐదున్నరకే బయల్దేరారుగా?"

"దారిలో పని పడింది."

"ఆ పిల్లక్కూడానా?"

"మొదలెట్టావూ! చంటిపిల్లోయ్ అది. ముందు టీ ఇయ్యి."

అబద్ధమాడినప్పుడల్లా అతనికి టీ కావాలి. కప్పు చేతికిచ్చి, వంటింట్లోంచి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి హాస్టల్ వార్డెన్ ఆమె స్నేహితురాలే.

"ఇవాళ ఎన్నింటికొచ్చిందే?"

"ఆరూ ముప్ఫయ్యారుకి. రోజూ ఈ ఆరా ఏమిటే తల్లీ? పెళ్ళిసంబంధం చూస్తున్నావా?"

వారంగా ఇదే లెక్క. ఆరు నిమిషాల తేడా. రోడ్డుకి ఈ చివర ఈ ఇల్లు, ఆ చివర హాస్టల్, మధ్య పద్దెనిమిది నిమిషాల నడక. ఇద్దరిదీ ఒకే నడక. పక్కపక్కనే వెళ్ళడం కళ్ళారా చూసింది. ఒకేచోట విడిపోతుంటే, అక్కణ్ణుంచి ఇంటికి అతనికి ఆరు నిమిషాలు, హాస్టల్‌కి దానికి పన్నెండు.

"తలనొప్పి బిళ్ళ తెచ్చుకుంటా."

"నే వెళ్ళనా?"

"వద్దులెండి. మీరు చాలా నడిచొచ్చారు."

గడియారం చూసుకుంటూ నడిచింది. ఆరో నిమిషం ఒక చిన్న ఇంటిముందు పూర్తయింది. వరండాలో ఆ అమ్మాయి ఎర్రగొడుగు! ఇల్లు కూడా తీసుకున్నారన్నమాట. దులిపెయ్యడానికి నోటినిండా మాటలు కూర్చుకుని బెల్లు నొక్కింది.

నలభయ్యేళ్ళావిడ చెయ్యి తుడుచుకుంటూ తలుపు తీసింది.

"మా చెల్లి కోసమాండీ? టీ తాగి ఇందాకే హాస్టల్‌కి వెళ్ళింది. గొడుగు వదిలేసింది చూడండి, మతిమరుపు మేళం!"

అక్కగారిల్లు! ఇంతేనా? ఆమె గుండెలమీంచి బండ దిగినట్లయింది. పిచ్చిదానిలా ఎంత కుళ్ళిపోయింది!

"మేం ఈ నెలే ఈ ఊరొచ్చాం. సామానింకా సర్దలేదు, గోడకి ఒక్క ఫొటో తగిలించామంతే. లోపలికి రండి."

నవ్వుతూ గడప దాటింది. ఎదురుగా పెళ్ళిఫొటోలో ఆవిడ పక్కన అతన్ని చూసి నిలబడిపోయింది.

ఎనిమిదేళ్ళుగా అతను విడాకులిచ్చేస్తానంటున్న భార్య ఈవిడే.