నిరుటి వడ్లు పిడికెడు

"ఉప్పెందుకే? ఇత్తనాలు ఉత్త నీళ్లల్ల మునిగినయ్ గద. నారు పొయ్యమని వర్ధన్నపేట నుంచి అక్కను పిలిపిస్తి. పక్కకు జరుగు" అన్నాడు ఉప్పలయ్య.

"నిరుడు నేను పోసిన నారు సగం మొలవకపోతె, నా చెయ్యి మంచిది కాదని ఊరంత చెప్తివి. జర ఆగు."

సమ్మమ్మ గంగాళంలో కోడిగుడ్డు వేసింది. అది మునిగింది. దోసిళ్లతో దొడ్డుప్పు పోసి విసురుగా కలిపింది. గుడ్డు మెల్లగా పైకి తేలింది.

"గుడ్డు అదే. నీళ్లు బరువెక్కినయ్. రేడియోల చెప్పిండ్రు. ఇగ నిండని గింజ దాగది."

గుడ్డు తీసి, కొంగుముడి విప్పింది. "ఇవి నిరుడు నేను పొయ్యంగ మిగిలిన ఇత్తనాలు. ఇవి గూడ ఉత్త నీళ్లల్ల మునిగినయే."

ఆ గింజల్ని ఉప్పునీళ్లలో పోసింది. సగం మునిగాయి. సగం తేలాయి.

ఉప్పలయ్య తేలినవాటిని వేళ్లతో కిందికి నొక్కాడు. చెయ్యి తీయగానే మళ్లీ పైకొచ్చాయి.

అక్క రాజవ్వ తన చేతిలోని విత్తనాల చేటను మరదలి ముందు పెట్టింది. "నారు నువ్వే పొయ్యి, సమ్మమ్మా."

"పోస్త వదినె. ముందుగాల ఈ యేటి వడ్లల్ల తేలేటియన్ని మీ తమ్ముడు ఏరాలె. ఆయన చెయ్యి మంచిదే గద."