గోడ ముక్కుకి అందిన పులుసు

ఇంట్లోనే ఇంకో చిన్న వాటా కట్టుకోవచ్చని సర్కారు ఒప్పుకున్నాక కాకినాడ అత్తాకోడళ్లకి ప్రాణం లేచొచ్చింది. షరతల్లా ఒకటే, పొయ్యిలు వేరుగా ఉండాలి. కాపలాకి నడిమి గోడకి ముక్కూ నోరూ పెట్టారు. రెండు వైపులా ఒకే కూర వాసనొస్తే వాటా రద్దు, మళ్లీ ఒకే వంటిల్లు.

కోడలు అలివేణికి ఆ ఊహకే చెమటలు పట్టేవి. చిన్న వాటాలోకి మారిన అత్తగారు మంగతాయారు మాత్రం అలవాటు మానలేక రోజూ గిన్నెలో పులుసు పంపేది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, అలివేణి అందులో ఏదో వేపుడు పెట్టి పంపేది.

ఓ మధ్యాహ్నం గోడ గొంతు సవరించుకుంది. "రెండు వాటాల్లోనూ వంకాయ పులుసే. మీరంతా ఒకే కుటుంబమా?"

"అబ్బే, ఇరుగుపొరుగు వాళ్లం!" అంది అలివేణి కంగారుగా. ఇరుగుపొరుగు కూరలు ఇచ్చిపుచ్చుకోవచ్చని రూల్లోనే ఉంది.

"రుజువేమిటి?"

అటువైపు నుంచి మంగతాయారు అందుకుంది. "ఆవిడ పంపే వేపుడు రోజూ మాడుతుంది నాయనా. అయినా బ్రహ్మాండంగా ఉందమ్మా అంటున్నాను. కోడలైతే ఊరుకునేదాన్నా?"

గోడ పొరుగువాళ్లేనని రాసుకుంది.

వాటా దక్కినందుకు అలివేణి ఊపిరి పీల్చుకుంది కానీ, ఇన్నాళ్లూ అత్తగారు మెచ్చుకున్న వంటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి మొహం ముడుచుకుంది.