తల్లిగొర్రెకు వన్స్ మోర్

"చచ్చిన గొర్రె లేచి మళ్ళీ పాడదమ్మా" అన్నాడు డైరెక్టర్ శివకృష్ణ.

ముఖానికి రంగు పూసుకుంటున్న నాగజ్యోతికి ఒళ్ళు మండింది. మార్కాపురం చుట్టుపక్కల పాతికేళ్ళుగా పద్యనాటకాలు ఆడుతున్న మనిషి. పద్యం నచ్చి జనం వన్స్ మోర్ అన్నారంటే చచ్చిపోయిన పాత్రయినా లేచి నిలబడి పాడాల్సిందే. నాటకాల్లో అది మర్యాద. పిల్లలంతా ఫోన్లలో చూసే బొమ్మల సినిమాను స్టేజీకెక్కిస్తున్నానని చెప్పి ఈయన ఆ మర్యాదకే కత్తెర వేస్తానంటున్నాడు.

ఆ సినిమాలో తల్లిగొర్రె తోడేలుకు అడ్డం పడి, పిల్లను పారిపొమ్మని పాడుతూ ప్రాణం విడుస్తుంది. ఊరూరా తెలిసిన పాట. రెండు నిమిషాల ఆ పాటకు, ఆ వేషం కడుతున్న నాగజ్యోతి నెలరోజులు హార్మోనియం పక్కన కూర్చుని రాగం కట్టి, ఆరు నిమిషాలు చేసింది.

పాట బాగుంటే చప్పట్లు కొడతారు, అది చాలదా అన్నాడు శివకృష్ణ.

"చప్పట్లు మీటింగుల్లో గూడా కొడతారు సార్. నాకు వన్స్ మోర్ పడకుండా ఒక్క ఆట దాటలా. ఒక్కరడిగినా లేస్తా. ఎవురూ అడగలేదంటే ఈ పొద్దుతో రంగు కడిగేస్తా, మళ్ళా పూసుకోను."

సరే, అడిగితే లేవమన్నాడు. ఈ కాలంలో ఎవరడుగుతారులే అని గొణిగాడు కూడా. అది ఆమె చెవిన పడనే పడింది.

సాయంత్రానికి హాలు నిండింది. నాగజ్యోతి ప్రాణం పెట్టి పాడింది. చివరి రాగం తీసి, ఒరిగిపోయి, కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఒక్క గొంతు లేవలేదు. ఈల లేదు, ఆ పాడు చప్పట్లు కూడా లేవు. తెర పడింది.

పక్కన నిలబడ్డ శివకృష్ణ, చెప్పానా అన్నట్టు చూశాడు.

ఒంటి మీది ఉన్ని వేషంతోనే ఆమె తెర తోసుకుని కిందికి దిగింది. ముందు వరసలో వెలిగండ్ల మాలకొండయ్య కూర్చుని ఉన్నాడు. గొర్రెల మంద ఉన్నవాడు. ఏ నాటకంలోనైనా వన్స్ మోర్ అని మొదట అరిచేది ఆయనే. ఆమె నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"ఏంది మామా, గొంతు పడిపోయిందా? ఇన్నేండ్లు అరిచినోడివి, ఈ పొద్దు నా నోట్లో మన్ను కొట్టినావే?"

మాలకొండయ్య కళ్ళకు అదుముకున్న తుండుగుడ్డ తియ్యలేదు.

"మళ్ళా పాడమంటే నువ్వు మళ్ళా చావాల గదమ్మా. నాకు నోరు రాలా."